మాటలు ఆయనవి, గొంతు నాది

మా సీరియల్లో పెద్దకోడలు ఏడిస్తే ఇంటింటా ముక్కులు చీదుతారు. ఆ ఏడుపు నాది. తెర మీద కనిపించే అమ్మాయికి మన భాష రాదు. షూటింగులో కెమెరా వెనకనుంచి ఒకాయన డైలాగు అందిస్తుంటే, ఆ అమ్మాయి దానికి తగ్గట్టు పెదవులు కదిపి, కళ్ళలో మందు చుక్కలు వేయించుకుని, పని ముగించుకుని వెళ్ళిపోతుంది. తరవాత నేను డబ్బింగ్ థియేటర్లో అద్దాల గదిలో మైకు ముందు నిలబడి ఆ పెదవులకి నా గొంతు అతికిస్తాను. స్టూడియోలో నన్ను వెక్కిళ్ళమ్మ అంటారు. మొదట్లో ఆ పేరు వింటే ఒళ్ళు మండేది. ఇప్పుడు ఎవరైనా అసలు పేరుతో పిలిస్తే వెనక్కి తిరిగి చూడటం లేదు.

ఆ మాటలు రాసేది మా ఆయన.

సీరియల్లో ఉన్నది పెద్ద ఉమ్మడి కుటుంబం. ఎవరికి ఏ కష్టమొచ్చినా అందరూ హాల్లో వరసగా నిలబడి చెప్పుకుంటారు. మనసులో మాట మనసులోనే ఉంచుకునే మనిషి ఆ ఇంట్లో ఒక్కరూ లేరు. ఉంటే ఎపిసోడ్ నడవదు. మొగుడూ పెళ్ళాలు అలిగినా మర్నాటికల్లా ఒకరి కళ్ళలోకి ఒకరు చూసుకుని, పేజీల కొద్దీ మాట్లాడుకుని కలిసిపోతారు. ఆ జంటని చూసి మనమూ అలా ఉండాలి అనుకునే ఆడవాళ్ళు నాకు బస్సులో తగులుతుంటారు. నేను నోరెత్తను. గొంతు గుర్తుపడతారని ఒక భయం, ఏం చెప్పాలో తెలియకపోవడం ఇంకొకటి.

మా ఇల్లు అద్దెకి తీసుకున్న మేడ మీది వాటా. ముందుగదిలో టీవీ, టీవీ ముందు మా అత్తగారు. వెనకగదిలో మా ఆయన, ఆయన కంప్యూటరు. మా నాన్న బతికున్నప్పుడు సాయంత్రాలు ముందుగదిలో ఇంకో కుర్చీ ఉండేది. నాన్న బస్సు డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. మా అత్తగారి పక్కన కూర్చుని సీరియల్ అంతా చూసి, చివర్లో వెనకగది వైపు తిరిగి అరిచేవాడు.

"ఏమయ్యా అల్లుడూ, ఏ మొగుడైనా పెళ్ళాంతో అంతసేపు మాట్లాడతాడా? నేనైతే ఈపాటికి మూడు స్టాపులు దాటేసేవాణ్ణి."

"స్టాపులు దాటేస్తే ప్రయాణికులు తిట్టరా మావయ్యా?" అని ఈయన లోపలినుంచి. అలా ఉండేవాళ్ళు ఇద్దరూ. నాకు అన్నదమ్ములు లేరు. అక్క వేరే ఊళ్ళో ఉంటుంది. నాన్నకి మగపిల్లాడు లేని లోటు ఈయనతో తీరిందని నేను నిజంగానే అనుకున్నాను.

నాన్నని ఆసుపత్రిలో చేర్చిన రెండోరోజు పొద్దున డాక్టరు నన్ను వరండాలోకి పిలిచి, ఇవాళ గడవడం కష్టమన్నాడు. అక్కకి ఫోన్ చేశాను. అప్పటికప్పుడు బయల్దేరినా రాత్రికి గానీ రాలేదు. తరవాత ఈయనకి చేశాను.

"ఒక్క సీను ఉంది. ఇచ్చేసి వచ్చేస్తా," అన్నారు.

మధ్యాహ్నం అయింది. మళ్ళీ చేశాను. "అయిపోవచ్చింది," అన్నారు. నాన్న తలుపు వైపు చూసి, "అల్లుడు రాలేదా?" అని అడిగాడు. దారిలో ఉన్నారన్నాను. కాసేపటికి మళ్ళీ అడిగాడు. మళ్ళీ అదే చెప్పాను. సాయంత్రం నాన్న పోయాడు. నేను ఫోన్ చేసిన కాసేపటికే మా ఆయన బ్యాగు భుజానేసుకుని గుమ్మంలో కనిపించారు. "సీను అవలేదు," అన్నారు. అంతే.

నేను అరిచి గొడవ చేసే మనిషిని కాను. పొద్దస్తమానం పరాయి ఏడుపు ఏడ్చి ఇంటికొచ్చేవాళ్ళకి సొంత ఏడుపుకి ఓపిక ఎక్కడుంటుంది? అంత్యక్రియలయ్యాక మాట్లాడటం మానేశాను. కావాలని మానలేదు. ఆయనతో అనడానికి నోట్లోకి ఏ మాటా రాలేదు. ఆయన కూడా కదిలించలేదు. కదిలిస్తే ఏమొస్తుందో ఆయనకి తెలుసు.

మధ్యలో మా అత్తగారు నలిగిపోయింది.

"ఒరేయ్, బాత్రూంలో కొళాయి కారుతోందట, చెప్పమంటోంది."

"విన్నానమ్మా. ఇక్కడే ఉన్నాగా."

"అమ్మాయ్, వాడు విన్నాడట."

"ఇక్కడే ఉన్నాను అత్తయ్యా."

పాపం ఆవిడ ఇటు చూసి అటు చూసి, టీవీ సౌండు పెంచుకునేది. టీవీలో నేను మా ఆయన రాసిన మాటలు గుక్క తిప్పుకోకుండా మాట్లాడుతూ ఉండేదాన్ని.

కొన్నాళ్ళకి సీన్ పేపర్లలో మార్పు మొదలైంది. అంతవరకు పెద్దబ్బాయి పెళ్ళాంతో ఆస్తి గురించీ తమ్ముళ్ళ గురించీ మాట్లాడేవాడు. ఇప్పుడు ఊరికే, "ఇవాళ తిన్నావా?" అంటున్నాడు. "కళ్ళకింద ఆ నలుపేంటి? నిద్రపోవట్లేదా?" అంటున్నాడు. దానికి పెద్దకోడలు, "మీరు పక్కనుంటే నాకేం బెంగ?" అనాలి. నేను అన్నాను. అనకపోతే ఊరుకుంటారా, అది నా ఉద్యోగం. అంటూనే నాకు అర్థమైంది, ఆ ప్రశ్న నన్నే అడిగారని. ప్రశ్న ఆయనదే, జవాబూ ఆయనదే. మధ్యలో గొంతు మాత్రం నాది. ఇంట్లో పక్కగదిలో ఉన్న పెళ్ళాన్ని ఒక్క మాట అడగలేక, ఊరందరి ముందూ అడుగుతున్నాడీయన. నాకు జాలి వేయలేదు. కోపం వచ్చింది.

తరవాత కథలో పెద్దకోడలి తండ్రికి జబ్బు చేసింది. పేపర్ చూసి ఆ అద్దాల గదిలోనే గోడకి ఆనుకుని నిలబడిపోయాను. తండ్రి పోయాడు. అల్లుడు ఆఖరి చూపుకి అందలేదు. ఎందుకట? దారిలో ఒక పసివాణ్ణి లారీ గుద్దితే, వాణ్ణి ఎత్తుకుని ఆసుపత్రికి పరిగెత్తి, రక్తం ఇచ్చి బతికించాడట. గొప్పలు చెప్పుకోవడం ఇష్టం లేక ఆ సంగతి ఎవరికీ చెప్పకుండా పెళ్ళాం కోపాన్ని మౌనంగా భరించాడట. చివరికి నిజం తెలిసి పెద్దకోడలు మొగుడి చేతులు పట్టుకోవాలి.

ఆ సీను డబ్బింగు రోజున మా ఆయన థియేటర్‌కి వచ్చారు. ఎప్పుడూ రారు. అద్దం అవతల సౌండ్ ఇంజనీరు పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. ఆ ఇంజనీరుని మేమంతా బాబాయ్ అంటాం, నా మొదటి డైలాగు రికార్డు చేసింది కూడా ఆయనే.

తెర మీద అమ్మాయి తలెత్తింది. ఆ అమ్మాయి ఊపిరి తీసుకున్న చోటే నేనూ తీసుకున్నాను. "మిమ్మల్ని క్షమించడానికి నేనెవర్ని? నా మనసులో ఇంకేం లేదండీ. ఇంటికి పదండి," అన్నాను. చివర్లో గొంతు ఎక్కడ పగలాలో అక్కడ పగిలింది. ఒక్క టేకులో ఓకే అయింది. బాబాయి హెడ్‌ఫోన్లు తీసి కళ్ళు ఒత్తుకున్నాడు. మా ఆయన తల వంచుకుని ఉన్నారు, భుజాలు కదులుతున్నాయి.

పని అయ్యాక గేటు దగ్గర నాకోసం నిలబడి ఉన్నారు. నా చేతిలో సంచి అందుకున్నారు. వాన కురిసి వెలిసింది, పేవ్‌మెంటు మీద నీళ్ళగుంటలు తప్పించుకుంటూ నడుస్తున్నాం. మెకానిక్ షాపులు దాటాక ఆయన పెద్దగా ఊపిరి వదిలి, "హమ్మయ్య," అన్నారు.

ఎన్నో వారాల తరవాత నేను నేరుగా ఆయనతో అన్న మొదటి మాట, "ఏంటి హమ్మయ్య?"

"అదే... నువ్వు క్షమించావుగా."

నేను ఆగిపోయాను. "ఎవరు క్షమించారు?"

"ఇందాక. లోపల."

"అది మీరు రాసిందండీ."

"రాసింది నేనే. కానీ చెప్పింది నువ్వు కదా. అలా చెప్పడం నటన కాదు. నీ గొంతు నాకు తెలీదా?"

"తెలీదు," అన్నాను. "నా గొంతు మీకు తెలీదు. అలా చెప్పినందుకే నన్ను పిలిచి పని ఇస్తారు. నిరుడు అదే గొంతుతో పామైపోయిన అత్తగారిని కూడా క్షమించాను."

ఆయన నవ్వబోయి, నా మొహం చూసి మానుకున్నారు. నాకు అప్పటికే పట్టు తప్పింది. ఇన్నాళ్ళూ కడుపులో పెట్టుకున్నదంతా ఆ రోడ్డు మీదే బయటికొచ్చింది.

"మా నాన్న పోతున్నప్పుడు మీరు ఏ పసివాణ్ణి కాపాడుతున్నారండీ? ఎవరికి రక్తం ఇచ్చారు? సీను రాసుకున్నారు. మళ్ళీ దాన్నే సీను చేశారు. అందులో మిమ్మల్ని దేవుణ్ణి చేసుకుని, నా చేత దండం పెట్టించుకున్నారు. ఇంత జరిగినా మీ నోటితో మీరు నాకు ఒక్క మాట చెప్పలేదు. ఒక్కటి."

ఆయన సంచి ఆ చేతిలోంచి ఈ చేతికి మార్చుకుని, "నేను... ఆలోచించి రాసిస్తాను," అన్నారు.

రాసిస్తారట! సంచి లాక్కుని ఎదురుగా వచ్చిన బస్సు ఎక్కేశాను. అది మా ఇంటివైపు వెళ్ళే బస్సు కూడా కాదు.

ఆ వారమే అక్క వాళ్ళ ఊళ్ళోని స్టూడియో నుంచి కబురొచ్చింది. వాళ్ళ కొత్త సీరియల్‌కి గొంతు కావాలి, నెలాఖరుకల్లా వచ్చి చేరమన్నారు. వస్తానన్నాను. ఉద్యోగం కోసం మాత్రమే వెళ్ళడం లేదని, తిరిగి రానని మా అత్తగారికి ముఖం మీదే చెప్పాను. ఆవిడ దగ్గర దాచడం నాకు చేతకాదు.

ఆవిడ టీవీ కట్టేసింది. సీరియల్ మధ్యలో ఆవిడ టీవీ కట్టడం నేనెప్పుడూ చూడలేదు.

"మీ ఇద్దరి మధ్యా కబుర్లు మోసి మోసి నా కాళ్ళు పడిపోయాయి," అంది. "నువ్వెళ్ళిపోతే ఆ ఉద్యోగం కూడా పోతుంది నాకు. వెళ్ళొద్దని అననులే. ఏ మొహం పెట్టుకుని అంటాను?" లేచి వెనకగదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. లోపల ఏమందో నాకు వినపడలేదు. చాలాసేపు ఆవిడ గొంతే వినిపించింది, ఈయనది వినిపించలేదు.

ఆదివారం పొద్దున డాబా మీద బట్టలు ఆరేస్తున్నాను. తడి దుప్పటి ఒక్కదాన్నే పిండలేక తిప్పలు పడుతుంటే ఆయన మెట్లెక్కి వచ్చి రెండో కొస పట్టుకున్నారు. చేతిలో కాగితమేమీ లేదు. ఇద్దరం చెరోవైపు మెలిపెట్టాం. నీళ్ళు సిమెంటు మీద కారాయి.

"సీను పొద్దున్నే అయిపోయింది," అన్నారు.

"ఏ సీను?"

"ఆ రోజు. నువ్వు ఫోన్ చేసిన కాసేపటికే పంపించేశాను. వచ్చాను. ఆసుపత్రికి. పైకి కూడా... ఆ తలుపుకి అద్దం ఉంటుంది కదా, చిన్నది. అందులోంచి చూశాను. నువ్వు మావయ్య చెయ్యి పట్టుకుని ఉన్నావు. ఆయన గొంతు... ఆ చప్పుడు వినబడుతోంది. లోపలికొచ్చి ఏమనాలి? అదే తెలీలేదు. 'ఎలా ఉన్నారు మావయ్యా' అననా? 'మీకేం కాదు' అననా? ఏదనుకున్నా నేను ఇదివరకు ఎవరికో రాసేసిందే. ఆయన నవ్వేవాడు కదా, నా డైలాగులకి. అవే తీసుకెళ్ళి ఆయన ముందు... నా వల్ల కాలేదు. దిగిపోయాను."

"దిగి?"

"కింద బళ్ళు పెట్టే చోట కూర్చున్నా. మధ్యాహ్నం నువ్వు ఫోన్ చేసినప్పుడు అక్కడే ఉన్నా. సాయంత్రం దాకా. భయమేసింది. అంతే. వేరే కారణం లేదు. భయపడి పారిపోయాను."

దుప్పటి నా చేతిలోనుంచి జారింది. మా నాన్న తలుపు వైపే చూస్తూ పోయాడు. ఆ తలుపు అవతల ఈయన నిలబడి వెళ్ళాడట. దారిలో ఉన్నారని నేను చెప్పినప్పుడు కింద కూర్చుని ఉన్నాడట. నిజం చెప్పొద్దూ, చెయ్యెత్తి కొడదామనిపించింది. పని ఉండి రాలేదనుకున్న మనిషి కంటే వచ్చి వెనక్కి పోయిన మనిషి మీద ఎక్కువ కోపం వచ్చింది.

"ఇంత వెధవ పని చేశారేంటండీ?" అన్నాను.

"అవును," అన్నారు.

ఆ మాటకి ముందూ వెనకా ఏమీ లేదు. కళ్ళలోకి చూడలేదు, చేతులు పట్టుకోలేదు, కారణాలు అల్లలేదు. ముక్కలు ముక్కలుగా, అడ్డదిడ్డంగా మాట్లాడారు. ఆయన రాసే పెద్దబ్బాయి చస్తే అలా మాట్లాడడు. పెళ్ళయిన కొత్తలో ఈ మేడ మీదే నాతో మాట్లాడిన మనిషి గొంతు అది. కోపం తగ్గలేదు గానీ, నేను ఏడ్చాను. పనికొచ్చే ఏడుపు కాదు. ముక్కు కారి, మొహం వంకర్లు పోయే ఏడుపు. ఆయన కింద పడ్డ దుప్పటి తీసి, మళ్ళీ జాడించి, ఆరేసి, నా పక్కన నిలబడ్డారు.

"ఇది ఎవరికైనా చెప్పారా?"

"లేదు. అమ్మకి కూడా చెప్పలేదు."

"అయితే వినండి. ఇది మా నాన్నది, నాది. సీరియల్లో పెట్టారో, ఈ మాట ఏదో ఒక రోజు పేపర్ మీద నా కంట పడిందో, ఆ రోజే నేను వెళ్ళిపోతాను. ఇంక మీతో మాట కూడా ఉండదు."

ఆయన తలూపారు. నేను అక్కకి ఫోన్ చేసి, స్టూడియోవాళ్ళని ఇంకొన్నాళ్ళు ఆగమని చెప్పమన్నాను. ఉంటానని ఎవరికీ మాటివ్వలేదు.

అప్పటినుంచి ఇంట్లో కొంచెం కొంచెంగా మాటలు మొదలయ్యాయి. కరెంటు బిల్లు, కొళాయి, మందులు. మా అత్తగారు కాళ్ళు చాపుకుని కూర్చుంది. కానీ పది రోజులు తిరక్కుండానే థియేటర్ వరండాలో డైరెక్టరు నన్ను పట్టుకున్నాడు.

"వెక్కిళ్ళమ్మా, మీ ఆయనకి నువ్వైనా చెప్పు. ఆ లారీ, పసివాడు కథ తేలిపోయింది. జనం నమ్మట్లేదు. రేటింగ్ చూస్తే భయమేస్తోంది. అల్లుడు రాకపోవడానికి అసలు కారణం వేరే ఉందని తిప్పుదాం, గుండెకి తగిలే నిజం ఒకటి రాయవయ్యా అంటే నీళ్ళు నములుతున్నాడు. ఆయన దగ్గర ఏదో ఉందమ్మా. అడగ్గానే మొహం మారిపోయింది. నాకు తెలీదా, ఎన్నేళ్ళ నుంచి చూస్తున్నా. అది బయటికి తీస్తే సీరియల్ నిలబడుతుంది. లేదంటే నేను వేరే రైటర్‌ని చూసుకోవాలి. పై నుంచి చెప్పేశారు."

చెప్తానని తప్పుకున్నాను.

ఇంట్లో చెప్పలేదు. వెనకగదిలో కీబోర్డు చప్పుడు జోరుగా నడిచేది, ఉన్నట్టుండి ఆగిపోయేది. చాలాసేపు ఏమీ వినిపించేది కాదు. ఆయన ఏ వాక్యం దగ్గర ఆగారో నేను ఇవతలనుంచి ఊహించుకునేదాన్ని. ఆ నిజం ఎంత మంచి సీనో నాకు తెలుసు, ఆయనకీ తెలుసు. అద్దం తలుపు, లోపల ఎదురుచూసే ముసలాయన, బయట నోట మాట రాని మాటల మనిషి. అది రాస్తే ఊరంతా ఆయన్ని మెచ్చుకుంటుంది, ఉద్యోగం నిలుస్తుంది. లేచి వెళ్ళి, "పర్లేదు, రాసుకోండి," అని ఒక్క మాటంటే ఆయన గండం గట్టెక్కేది. నేను అనలేదు. అంత మంచిదాన్ని కాను. ఆయన ఏం చేస్తారో చూడాలనుకున్నాను.

సీన్ పేపర్లు వచ్చిన రోజున బాబాయి అద్దం అవతలనుంచి వాటిని చూపిస్తూ ఏదో అనబోయి, వద్దులే అన్నట్టు చెయ్యి ఊపి, వాటిని నాకు లోపలికి పంపించాడు. స్టాండు మీద పెట్టుకుని చదవడం మొదలుపెట్టాను.

ఆసుపత్రి వరండా, పగలు. పెద్దబ్బాయి, పెద్దకోడలు.

కింది వరస మీద వేలు పెట్టుకుని చదివాను.

పెద్దబ్బాయి: ఆ రోజు నేను రాకపోవడానికి కారణం యాక్సిడెంట్ కాదు. ఇన్నాళ్ళూ నీ దగ్గర దాచాను. అసలు నిజం వింటే నువ్వు తట్టుకోలేవు.

పేజీ అక్కడితో అయిపోయింది. తిప్పడానికి చెయ్యి రాలేదు. అక్క ఊరి రైలు, నా పెట్టె, మా అత్తగారి మొహం వరసగా కళ్ళముందు తిరిగాయి. వెళ్ళిపోవడం నాకు ఏమాత్రం ఇష్టం లేదని అప్పుడే, ఆ మైకు ముందే తెలిసింది. కళ్ళు మూసుకుని తిప్పాను.

పెద్దబ్బాయి: నన్ను మన గోడౌన్‌లో పెట్టి తాళం వేశారు.

పెద్దకోడలు (నిర్ఘాంతపోయి): తాళమా! ఎవరండీ వేసింది?

పెద్దబ్బాయి: అచ్చం నాలాగే ఉండే మరొకడు. ఆ రోజు అంత్యక్రియలకి వచ్చింది నేను కాదు. వాడు!

నేను మళ్ళీ చదివాను. కిందకీ పైకీ వెతికాను. అద్దం లేదు, తలుపు లేదు, భయం లేదు. ఒకే మొహంతో ఇద్దరు మనుషుల కథ రాసేవాళ్ళని చూసి జీవితమంతా పకపకా నవ్విన మనిషి, ఒక్కో మాట కోసం పూటంతా కూర్చునే మనిషి, తన పేరు కింద ఇంత దిక్కుమాలిన సీను రాసి పంపించారు. ఆయనకి పరువు పోతుందని తెలుసు, బహుశా పని కూడా పోతుంది. తెలిసే రాశారు.

బాబాయి గొంతు హెడ్‌ఫోన్లలో వినిపించింది. "రైటర్ గారికి ఒంట్లో బాగానే ఉందా అమ్మా? డైరెక్టరు పొద్దున్నుంచి తిట్టని తిట్టు లేదు. ఎంత అడిగినా నా దగ్గర ఇంతకన్నా ఏమీ లేదన్నారట."

నవ్వొచ్చింది. ఆ నవ్వు మధ్యలోనే ఏడుపైంది. స్టాండు పట్టుకుని నిలబడ్డాను.

"వెక్కిళ్ళమ్మా, ఇక్కడ ఏడుపు లేదమ్మా. 'నిర్ఘాంతపోయి' అనుంది."

"తెలుసు బాబాయ్. ఒక్క నిమిషం ఆగండి."

సంచిలోంచి ఫోన్ తీసి, స్టూడియోవాళ్ళకి నేను రావడంలేదని చెప్పెయ్యమని అక్కకి మెసేజ్ పెట్టాను. మొహం తుడుచుకుని, కాసిని నీళ్ళు తాగి మైకు ముందుకి వచ్చాను. తెర మీద ఆ అమ్మాయి తలెత్తింది, పెదవులు విడివడ్డాయి.

"తాళమా! ఎవరండీ వేసింది?" అన్నాను. ఇన్నేళ్ళలో ఆయన రాసిన ఏ మాటా అంత మనసుపెట్టి చెప్పలేదు.